జడ్జి దొర చేతిలో లేనిది

నరసాపురం, 1888 ఫిబ్రవరి 5, ఆదివారం

ప్రార్థన అయ్యాక పాదిరి దొరగారు నన్ను ఆపి, రాజమండ్రి వకీలు గారి దగ్గర నుంచి జవాబు వచ్చిందని చెప్పారు. దావా వెయ్యవచ్చట. భర్త మతం మారాడని భార్య ఆరు నెలలు వరసగా కాపురానికి రాకపోతే, అతను జిల్లా జడ్జికి అర్జీ పెట్టుకోవడానికి ఇరవై ఏళ్ళ కిందటే చట్టం చేశారట. లోవలక్ష్మి వెళ్ళి పది నెలలు కావస్తోంది.

కిందటి ఈస్టరుకి బాప్తిస్మం పుచ్చుకున్నాను. పల్లంరాజుని కాస్తా జీవరాజునయ్యాను. ఆ వారంలోనే భీమరాజు మావ సముద్రపొడ్డు జాలర్ల పాలెం నుంచి బండి కట్టించుకుని వచ్చి, కూతుర్నీ మనవరాలినీ ఎక్కించుకుపోయాడు. గుమ్మంలో కాలు పెట్టలేదు. ఆయన మా అమ్మకి సొంత తమ్ముడు. అమ్మ పోయాక నన్ను పెంచింది ఆయనే, కూతుర్నిచ్చిందీ ఆయనే. నాలుగక్షరాలు వస్తే చేపల బేరంలో మోసపోమని నన్ను మిషన్ బడిలో వేసింది కూడా ఆయనే. ఇప్పుడా బడిలోనే పంతుల్ని.

లోవలక్ష్మి తనంతట తాను వెళ్ళలేదు. తండ్రి తీసుకుపోయాడు. ఈ తేడా జడ్జి దొరకి తెలిసేలా చెప్పాలి.

రాజమండ్రి, ఫిబ్రవరి 22

పడవలో విజ్జేశ్వరం దాకా, అక్కడి నుంచి గోదావరి దాటి ఇక్కడికి. వకీలు గారు అర్జీ రాయించి, సంతకం పెట్టే ముందు కలం నా చేతికివ్వకుండా పట్టుకుని అడిగారు.

"నీకేం కావాలబ్బాయీ?"

"నా భార్య రావాలండి."

"ఈ చట్టం దేనికి చేశారో తెలుసా? పెళ్ళి రద్దు చెయ్యడానికి. జడ్జి ఆమెని పిలిచి, వస్తావా రావా అని అడుగుతాడు. వస్తానంటే సరే. రానంటే ఏడాది ఆగి మళ్ళీ అడుగుతాడు. అప్పుడూ రానంటే పెళ్ళి రద్దు. ఇంతకు మించి ఆయన చెయ్యగలిగింది ఏమీ లేదు."

"రమ్మని ఉత్తర్వు ఇవ్వరా అండి?"

"నువ్వు హిందువుగానే ఉండి ఉంటే వేరే దావా వేసేవాళ్ళం. అందులో డిక్రీ వచ్చినా భార్య రాకపోతే జైల్లో పెట్టించవచ్చు. ఇందులో అది లేదు."

లోవలక్ష్మిని జైల్లో పెట్టించడం నాకెందుకు? సంతకం పెట్టాను. తండ్రి పక్కన లేకుండా అడిగితే వస్తాననే అంటుంది. నాకా సంగతి తెలుసు.

మార్చి 3

బడి. ఎండలు ముదురుతున్నాయి. వస్తాననే అంటుంది.

రాజమండ్రి, మార్చి 28

జడ్జి దొర లోవలక్ష్మిని కోర్టు హాలులో అడగలేదు. తన గదిలోకి పిలిపించి, తలుపు వేయించి, దుబాసీని మాత్రం ఉంచుకుని అడిగారు. మావ వరండాలో ఒక స్తంభానికి ఆనుకుని, నేను ఇంకో స్తంభానికి ఆనుకుని నిలబడ్డాం. ఆయన నా వైపు చూడలేదు. నేను చూశాను. నెరిసిపోయాడు.

చాలాసేపటికి ఆమె బయటికి వచ్చింది. ముసుగు సర్దుకుని తండ్రి వెనకాల నిలబడింది. నన్ను లోపలికి పిలిచారు.

"నీ భార్య రానంటోంది," దుబాసీ చెప్పాడు. "నువ్వు మతం మారావు కాబట్టి రానంటోంది. ఎవరి బలవంతమూ లేదని చెప్పింది. దావా ఏడాది వాయిదా వేస్తున్నారు. ఈ లోపల మీరిద్దరూ ఒకసారి కలుసుకుని మాట్లాడుకోవాలి."

నేను ఇంగ్లీషులోనే దొరతో అన్నాను. ఆమె నా భార్య, మీరు రమ్మంటే వస్తుంది, ఉత్తర్వు ఇవ్వండి అని.

దొర కోప్పడలేదు. కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. "నేను ఇల్లు జప్తు చేయించగలను. మనిషిని ఖైదు చేయించగలను. నీ విషయంలో మాత్రం శాసనం నాకు అడిగే అధికారమే ఇచ్చింది. ఇవాళ ఒకసారి, ఏడాది తరవాత ఒకసారి. ఆమె చేత అవుననిపించే అధికారం ఇవ్వలేదు. ఇవ్వని దాన్ని తీసుకోమంటావా?"

లేదని చెప్పి వచ్చేశాను.

గది బయట తండ్రి ఉన్నాడు కదా. తలుపు వేస్తే మాత్రం ఏమైంది, వినపడుతుందని భయపడి ఉంటుంది.

నరసాపురం, జూన్ 14

నిన్న మొగల్తూరు సత్రంలో కలుసుకున్నాం. పక్కన ఉండడానికి జడ్జి దొర సంపూర్ణమ్మ గారిని నియమించారు. మా మిషన్‌లో ఆడవాళ్ళకి బైబిలు చదివి వినిపించే పెద్దావిడ. మావ కాదనలేదు. "ఆవిడ అబద్ధం ఆడదు," అన్నాడట.

మా ఒక్కగానొక్క కూతురు చిన్నమ్మాయిని కూడా తెచ్చారు. నాలుగో ఏడు వచ్చింది. నన్ను చూసి తల్లి చీర చాటుకి పోయింది. చేతిలో బెల్లం ముక్క పెట్టాను. తీసుకుని మళ్ళీ చాటుకి పోయింది.

నేనే మొదలుపెట్టాను. ఇంట్లో రెండు గదులున్నాయనీ, నువ్వు బాప్తిస్మం పుచ్చుకోనక్కర్లేదనీ, నీ దేవుడి పటం నువ్వు పెట్టుకోవచ్చనీ చెప్పాను. పాదిరి దొరగారి చేత కూడా ఆ మాట చెప్పిస్తానన్నాను. లోవలక్ష్మి నేల చూస్తూ విన్నది.

"నేను నీ ఇంటికొస్తే మా నాన్నకి వల లాగడానికి ఎవరొస్తారు బావా?" అంది.

అలివి వల ఒక్కడు లాగేది కాదు. ఒడ్డున అటు పది మంది, ఇటు పది మంది పట్టాలి. నన్ను అల్లుడిగా కలుపుకున్న ఇంటితో పొత్తు ఉండదని కులపెద్దలు ఆనాడే చెప్పేశారు. తాడు పట్టేవాడు లేకపోతే మావ సముద్రం ఎదురుగా కూర్చుని పస్తుండాలి. లోవలక్ష్మి చెల్లెలికి పెళ్ళి కాదు.

"నీ మటుకు నీకు రావాలని ఉందా లేదా? అది చెప్పు."

అప్పుడు తలెత్తింది.

"ఇప్పుడు అడుగుతున్నావు. ఆ చెరువులో మునిగే ముందు అడిగావా? సాయంత్రం తడి బట్టలతో వచ్చి చెప్పావు. అన్నం వార్చుకుంటున్నాను. నేను ఒకడికి పెళ్ళాన్ని, తెల్లారి లేచేసరికి వేరే పేరున్నవాడికి పెళ్ళాన్ని. ఆ దొర ఎవరో నాకు తెలీదు. నన్ను కుర్చీలో కూర్చోబెట్టి, నీ ఇష్టం ఏంటమ్మా అని అడిగాడు. చచ్చేంత భయం వేసింది. ఎవరూ అడగలేదు కదా ఎప్పుడూ."

సంపూర్ణమ్మ గారు కిటికీ వైపు తిరిగి కూర్చున్నారు.

దేవుడి పిలుపు భార్యని అడిగి వస్తుందా? ఇంటికి వచ్చే దారంతా ఈ మాటే అనుకున్నాను. సంపూర్ణమ్మ గారితో అన్నాను కూడా.

"పిలుపు అడిగి రాదు నాయనా. వచ్చిన సంగతి చెప్పవచ్చు," అన్నారు.

జూన్ 30

ఆమె తప్పేమీ లేదు. అంతా ఆ వల మూలానే.

జూలై 19

మిషన్ పని మీద రాజమండ్రి వెళ్ళాను. వకీలు గారు ఇంకో దారి చెప్పారు. భార్యని ఇప్పించడం కోర్టు వల్ల కాదు గానీ, పిల్లని ఇప్పించడం అవుతుందట. తండ్రే సంరక్షకుడు. మతం మారినా ఆ హక్కు పోదు. వేరే అర్జీ పెడితే ఉత్తర్వు తప్పకుండా వస్తుందన్నారు.

"పిల్ల నీ ఇంట్లో ఉంటే తల్లి ఎన్నాళ్ళు ఆగుతుంది? పెద్ద దావా కూడా దానంతట అదే తేలిపోతుంది."

అలాంటి పని చెయ్యనండి అని వచ్చేశాను.

జూలై 26

పాలెంలో బడి లేదు. ఆడపిల్లలకైతే అసలే లేదు. చిన్నమ్మాయి మూడేళ్ళు దాటిన పిల్ల. అక్కడే ఉంటే చేపలు ఎండబెట్టడమే నేర్చుకుంటుంది.

ఆగస్టు 2

పాదిరి దొరగారితో మాట్లాడాను. తండ్రిగా నీ బాధ్యత అన్నారు. పిల్ల చదువు కోసమే.

ఆగస్టు 9

అర్జీ పంపాను. పిల్ల చదువు కోసమే.

అక్టోబరు 11

ఉత్తర్వు వచ్చింది. ఈసారి జడ్జి దొర ఎవర్నీ గదిలోకి పిలవలేదు. చిన్నమ్మాయిని ఏమీ అడగలేదు. ఆ వయసు పిల్లని అడగనక్కర్లేదట. కాగితాలు చూసి సంతకం పెట్టారని వకీలు గారు రాశారు.

అక్టోబరు 20

కోర్టు అమీనుతో కలిసి పాలెం వెళ్ళాను. జనం పోగయ్యారు. మావ పడవ మీద చెయ్యి వేసి నిలబడ్డాడు గానీ అడ్డం రాలేదు. అమీను ఉత్తర్వు గట్టిగా చదివాడు.

లోవలక్ష్మి ఇంట్లోకి వెళ్ళి పిల్లకి తల దువ్వి, ఉతికిన లంగా కట్టి తీసుకొచ్చింది. ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. పిల్లని అమీను చేతికిచ్చింది. నాకివ్వలేదు.

"రాత్రిళ్ళు ఉలిక్కిపడుద్దండి. లేపకూడదు. వీపు నిమిరితే పడుకుంటది," అని అమీనుకే చెప్పింది.

అమీను మొగల్తూరు దాటేదాకా పిల్లని ఎత్తుకునే ఉన్నాడు. ఆయనకీ పిల్లలున్నారట.

అక్టోబరు 23

చిన్నమ్మాయి అన్నం తినలేదు. సంపూర్ణమ్మ గారు వచ్చి పాలు పట్టారు.

అక్టోబరు 25

ఇవాళ రెండు ముద్దలు తిన్నది.

అక్టోబరు 30

గుమ్మంలో కూర్చుంటుంది. ఎవరు పిలిచినా లోపలికి రాదు. నన్ను నాన్నా అనదు. "ఓయ్" అంటుంది. "ఓయ్, ఎప్పుడెళ్దాం?"

నవంబరు 8

లోవలక్ష్మి వచ్చింది.

పలక మీద ఒరవడి పెడుతుంటే వీధిలో కేక వినపడింది. చేపల గంప నెత్తిన పెట్టుకుని, మా ఇంటికి ఎదురుగా చింతల వారి అరుగు కింద నిలబడి ఉంది. పాలెం నుంచి నరసాపురం దాకా నడిచి వచ్చింది. చిన్నమ్మాయి ఒక్క ఉరుకున పోయి కాళ్ళకి చుట్టుకుంది.

నేను గుమ్మంలోకి వచ్చి లోపలికి రమ్మన్నాను.

"చేప కావాలాండి?" అంది.

"లోవా, లోపలికి రా."

"తాజాగా ఉన్నాయండి. పొద్దున పట్టినయ్యి."

నన్ను ఎప్పుడూ అండీ అనలేదు. వీధిలో నలుగురూ చూస్తున్నారు. పిల్లని చూసుకోవడానికి రోజూ వచ్చే సంపూర్ణమ్మ గారు పళ్ళెం తెచ్చి చేపలు తీసుకున్నారు. బేరం తెమలకుండా చాలాసేపు సాగదీశారు. అంతసేపూ పిల్ల తల్లి ఒళ్ళో కూర్చుంది. తరవాత లోవలక్ష్మి పిల్ల చేతులు విడిపించి, గంప ఎత్తుకుని వెళ్ళిపోయింది.

వకీలు గారు చెప్పినట్టే జరుగుతోంది. వచ్చింది కదా. ఇంకొంచెం ఓపిక పట్టాలి.

నవంబరు 15

వచ్చింది. గుమ్మం ఎక్కలేదు.

నవంబరు 22

వచ్చింది. వానలో. అరుగు కింద తడుస్తూనే అమ్మింది. అమ్మడానికి గంపలో గుప్పెడు రొయ్యలు తప్ప ఏమీ లేవు.

నవంబరు 29

రాలేదు. చిన్నమ్మాయి పొద్దుట నుంచి గుమ్మంలోనే ఉంది. మధ్యాహ్నం నేను బడి నుంచి వచ్చి పక్కన కూర్చున్నాను. కాసేపటికి నా మోకాలి మీద చెయ్యి వేసింది. మొదటిసారి.

"నాన్నా, అమ్మని కూడా ఆ కాగితాలాయన తీసుకుపోయాడా?" అంది.

డిసెంబరు 1

పిల్లని తల్లికి తిరిగి ఇచ్చేస్తానని వకీలు గారికి తంతి ద్వారా తెలియజేశాను. ఇది చేజేతులా చేసుకుంటున్నావు, ఒకసారి తిరిగి ఇచ్చేశాక మళ్ళీ ఇప్పించమంటే ఏ కోర్టూ వినదు అని కబురు పంపారు. పాదిరి దొరగారు కూడా తొందరపడుతున్నావన్నారు. సంపూర్ణమ్మ గారు పిల్ల బట్టలు మూట కట్టి ఇచ్చారు.

డిసెంబరు 3

వెళ్ళేసరికి ఒడ్డున వల లాగుతున్నారు. రెండు వైపులా జనం లాగుతున్నారు, మధ్యలో మావ తాడు వదలలేడు. లాగుతూనే నన్ను చూశాడు. దూరంగా ఇసకలో ఆగిపోయాను. అమీను లేడు, ఉత్తర్వు లేదు. చిన్నమ్మాయి నా భుజం మీద నుంచి జారి పరుగెత్తింది.

లోవలక్ష్మి జ్వరంతో గుడిసె ముందు కూర్చుని ఉంది. చిక్కిపోయింది. పిల్లని ఒళ్ళోకి తీసుకుని, పిల్ల తల మీదుగా నన్ను చూసింది. బట్టల మూట ఇసకలో పెట్టాను. తాడు పట్టినవాళ్ళందరూ చూస్తున్నారు. నేనే వెనక్కి తిరిగాను.

ఏమీ ఆశించి ఇవ్వలేదు. అయినా జడ్జి దొర మళ్ళీ అడిగినప్పుడు ఈ సంగతి గుర్తుండకపోదు.

1889 జనవరి 20

బడి. ఈ మధ్య రాసేందుకు ఏమీ లేదు. ఆశించి ఇవ్వలేదు.

రాజమండ్రి, ఏప్రిల్ 4

అయిపోయింది.

జడ్జి దొర మళ్ళీ గదిలోకి పిలిపించి అడిగారు. ఈసారి ఎంతోసేపు పట్టలేదు. నన్ను పిలిచినప్పుడు దుబాసీ కాక దొరే ఇంగ్లీషులో చెప్పారు.

"నీ మీద ఆమెకి ద్వేషం లేదు. ఈ మాట నీకు చెప్పమంది. రానంటోంది."

"ద్వేషం లేకపోతే ఎందుకు రాదండి?"

"అది నేను తీర్పు చెప్పే సంగతి కాదు. వస్తుందా రాదా అన్నదే నేను అడగాలి."

పెళ్ళి రద్దయినట్టు డిక్రీ చదివారు. ఇద్దరిలో ఎవరైనా మళ్ళీ పెళ్ళి చేసుకోవచ్చని కూడా చదివారు. చిన్నమ్మాయి విషయంలో ఉత్తర్వు ఇంకా నా పక్షానే ఉందని గుర్తుచేశారు. దాన్ని కొట్టెయ్యమని అడిగాను. వకీలు గారు నా చొక్కా పట్టుకుని లాగారు. దొర ఒక నిమిషం నన్ను చూసి, "ఇది నా చేతిలో ఉంది," అని రాసేశారు.

బయటికి వచ్చి కోర్టు మెట్ల మీద కూర్చున్నాను. వకీలు గారు మంచినీళ్ళు తెప్పించారు. ఆయన మంచివాడే.

నరసాపురం, ఏప్రిల్ 7

విజ్జేశ్వరం నుంచి దిగువకి ఒకటే పడవ. నేనెక్కేసరికి మావ, లోవలక్ష్మి, చిన్నమ్మాయి అందులో ఉన్నారు. దిగిపోదామా అనుకున్నాను. తరవాతి పడవ మర్నాటికి గాని లేదు. చుక్కాని వైపు చివర, ధాన్యం బస్తాల పక్కన కూర్చున్నాను.

మధ్యాహ్నం లాకు దగ్గర పడవ ఆపేశారు. ఎదర ఇంకో పడవ ఉంది, నీళ్ళు నిండేదాకా ఆగాలి. లోవలక్ష్మి సద్ది మూట విప్పింది. నేను కాలువ గట్టు వైపు చూస్తున్నాను.

"పల్లంరాజూ," మావ పిలిచాడు. "ఇలా రా."

రెండేళ్ళ తరవాత ఆయన నాతో అన్న మొదటి మాట.

"నేను రావచ్చా మావా?"

"రెండేళ్ళు రావద్దన్నాను. అల్లుడివి కాబట్టి. నీకు ముద్ద పెడితే కూతుర్ని పంపడానికి ఒప్పుకున్నానని కులపోళ్ళు అనేవాళ్ళు. ఇప్పుడేంటి? ఆ ముడి కోర్టోళ్ళే తెంచేశారు. మా అక్క కొడుకువి కాకుండా తెంచారా? ఆకలేస్తుంది గాని రా."

వెళ్ళి కూర్చున్నాను. లోవలక్ష్మి అరిటాకు చింపి నా ముందు పరిచింది. చద్దన్నం, ఎండు నెత్తళ్ళ కూర. నెత్తళ్ళు మసాలా లేకుండా చింతకాయతో వండుతుంది. అలాగే ఉంది. చిన్నమ్మాయి వచ్చి నా తొడ మీద కూర్చుని, నా ఆకులోదే తిన్నది. ఎవరూ వద్దనలేదు.

తింటూండగా మావ చెప్పాడు. అంతర్వేది వైపు మనిషి చినబాబు, కిందటేడు భార్య పోయింది, సొంత పడవ ఉంది. లోవలక్ష్మిని మారుమనువు అడుగుతున్నాడట.

"నాకు కొడుకుల్లేరు. ఈ ఇంట్లో మగపిల్లాడివంటే నువ్వే. నీ మాట ఏంటి?"

లోవలక్ష్మి కుండలోంచి అన్నం తీస్తోంది. చెయ్యి ఆగింది. నాకు ఏమనాలని ఉందో ఇక్కడ కూడా రాయను.

"నన్నెందుకు మావా? ఆమెని అడుగు," అన్నాను.

మావ నన్ను చూశాడు. ఇలాంటి మాట వినడం అలవాటు లేని మనిషి. చెయ్యి కడుక్కుని, తుడుచుకుని, కూతురి వైపు తిరిగాడు. ఎలా మొదలుపెట్టాలో తెలియక గొంతు సవరించుకున్నాడు.

"ఏమ్మా, మరి నువ్వేమంటావు?"

లోవలక్ష్మి నా ఆకులో ఇంకో గరిటెడు అన్నం వేసింది.

"ఒక ఏడాది పోనీ నాన్నా," అంది. "అప్పుడు మళ్ళీ అడుగు."

లాకు తలుపులు తీశారు. పడవ కదిలింది. నరసాపురం చేరేసరికి చిన్నమ్మాయి నా ఒళ్ళో నిద్రపోయింది. వీపు నిమురుతూ బండి దాకా మోసుకెళ్ళి తల్లికి అందించాను. ఈసారి నా చేతుల్లోంచే తీసుకుంది.